కమాను కట్ట లెక్కలు

పాత జిప్సీయో, పాత మహీంద్రా జీపో చేతికొచ్చిన మనిషి దానికి రంగు వేయించిన వారానికే అడిగే మాట ఒకటుంది: "రెండించులు లేపితే ఎట్లుంటదన్నా?" గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో ఆ మాట వినే కమాను పనివాళ్లలో అనుభవం ఉన్నవాడు వెంటనే రేటు చెప్పడు. "లోడెంత ఎక్కుతది? ఏ దిక్కు తిరుగుతవ్?" అని ఎదురడుగుతాడు. బండి ఎత్తు పెంచే కిట్టును ఎంచుకోవడంలో సగం శాస్త్రం ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది. మిగతా సగం ఉక్కు పట్టీలోనూ, ఇరుసులోనూ, బండి గరిమనాభిలోనూ ఉంది.

2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడిపోయిన ఈ మూడు జిల్లాలు పక్కపక్కనే ఉన్నాయి. చక్రం కింద మాత్రం మూడు తీర్ల నేలలు. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో, అందులోనూ అలంపూర్ వైపు, నల్లరేగడి. వనపర్తి వైపు ఎర్ర చెలకలు, గ్రానైటు గుండ్లు, వాటి నడుమ జూరాల, కల్వకుర్తి పథకాల కాలువ కట్టలు. నాగర్‌కర్నూలు జిల్లాలో అచ్చంపేట దాటి మన్ననూరు ఎక్కితే నల్లమల మొదలవుతుంది. అక్కడ రాతి మెట్లు, వాగులు, చెంచు పెంటలకు, అంటే గూడేలకు, పోయే బాటలు. ఒక నేల మీద అక్కరకొచ్చిన కిట్టు రెండో నేల మీద దండగ కావచ్చు, మూడోదాని మీద ప్రమాదమే కావచ్చు.

ముందు ఆ బండ్ల సంగతి. మహీంద్రా సంస్థ 1947 నుంచి విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. ఆ వంశంలోనే తర్వాత ఎంఎం 540, ఎంఎం 550, క్లాసిక్ లాంటివి వచ్చాయి. మారుతి జిప్సీ 1985 చివర్లో 970 సీసీ ఇంజనుతో వచ్చింది. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. 2019 నాటికి తయారీ ఆగిపోయింది. పోలీసు శాఖ, అటవీ శాఖ, సైన్యం వాడి వేలం వేసిన బండ్లు చేతులు మారి పల్లెలకు చేరాయి. వీటన్నిటికీ ముందూ వెనకా ఒకే కడ్డీ ఇరుసు, దాన్ని బండికి కలిపే కమాను కట్టలు (లీఫ్ స్ప్రింగులు). 2010లో వచ్చిన మహీంద్రా థార్ సీఆర్‌డీఈలో ముందు చక్రాలకు మాత్రం మెలితిరిగే టార్షన్ బార్లు పెట్టారు, వెనక కమాన్లే ఉంచారు. కట్ట ఉన్న బండికీ బార్ ఉన్న బండికీ ఎత్తు పెంచే దారులు వేరు.

ఇరవై ముప్పై ఏళ్లు తిరిగిన బండి ఇప్పటికే కిందికి దిగిపోయి ఉంటుంది. నులక మంచం నులక సాగినట్టు కట్టలోని పట్టీలు తమ వంపును కొద్దికొద్దిగా కోల్పోతాయి. కాబట్టి కిట్టు కొనేముందు చేయాల్సింది కొలత. బండిని చదునైన చోట నిలిపి, రోజూ మోసే బరువు ఎక్కించి, చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా టేపుతో నాలుగు మూలలా కొలవాలి. డ్రైవరు కూర్చునే కుడి పక్క ఎడమ కన్నా తక్కువగా ఉండటం పాత బండ్లలో తరచూ కనిపిస్తుంది. కొత్తలో ఆ బండికి ఉండాల్సిన కొలతతో పోల్చి చూస్తే, పెంచాలనుకున్న రెండంగుళాల్లో ఒక అంగుళం దాకా పోగొట్టుకున్నదే అయి ఉండవచ్చు. అలాంటి బండికి లిఫ్ట్ కిట్టు కన్నా కంపెనీ కొలతల కొత్త కట్ట మేలు. ఖర్చు తగ్గుతుంది, స్టీరింగు చెడదు, చట్టం పేచీ ఉండదు.

పాత కట్టనే మళ్లీ వంచి పెట్టడం ఇంకో దారి. కమాను దుకాణంలో ఆ పని దగ్గర నిలబడి చూడదగ్గది. యూ బోల్టులు విప్పి, కట్టను కిందికి దించి, నడుమనున్న సెంటర్ బోల్టు తీస్తారు. తుప్పు పట్టి అతుక్కున్న పట్టీలు టప్పున విడిపోతాయి. ఒక్కో పట్టీ కొసన పై పట్టీ రాసుకుని రాసుకుని చంద్రవంకలా గుంట పడి ఉంటుంది. నడుమ ఖాళీ ఉన్న దిమ్మె మీద పట్టీని లోపలి వంపు పైకి వచ్చేలా పరిచి, ఒకరు అంగుళం అంగుళం జరుపుతుంటే ఇంకొకరు బరువైన సుత్తితో కొడతారు. ప్రతి దెబ్బకూ వంపు కాస్త పెరుగుతుంది. పది నిమిషాల్లో పట్టీ కొత్తదానిలా విల్లు తిరుగుతుంది. చూడటానికి తేడా తెలియదు.

తేడా ఉక్కు లోపల ఉంటుంది. బండి బరువు పడ్డప్పుడు కట్ట చదునవుతుంది. అప్పుడు పట్టీ పై ముఖం సాగుతుంది, కింది ముఖం నొక్కుకుపోతుంది. ఉక్కులో పగులు పుట్టేది సాగే ముఖం మీదే. అందుకే ఫ్యాక్టరీలో పట్టీని కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ తగినంత వేడి చేసి గట్టితనాన్ని సరిచేశాక రెండు పనులు చేస్తారు. సాగే ముఖాన్ని సన్నని ఉక్కు గుండ్ల జల్లుతో కొట్టి అక్కడ ఒక నొక్కుడును శాశ్వతంగా నింపుతారు. తర్వాత కట్టను మోయాల్సిన దానికన్నా ఎక్కువ బరువుతో ఒకసారి అణచి వదులుతారు. ఈ రెండింటి వల్లా పై ముఖం ముందే నొక్కుకుని ఉంటుంది, బరువు పడ్డప్పుడు దానికి సాగుడు అంత తగలదు. సుత్తితో చల్లగా వంచినప్పుడు జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఆ ముఖంలో నొక్కుడు పోయి సాగుడు మిగులుతుంది. పై నుంచి బరువు కూడా పడేసరికి పట్టీ కొన్ని నెలల్లోనే మళ్లీ దిగుతుంది, లేదా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరుగుతుంది. తప్పనిసరైనప్పుడు ఒక సీజను గడుపుకోవడానికి ఈ పని పనికొస్తుంది. ఎత్తు పెంచే పద్ధతిగా దీన్ని నమ్ముకోకూడదు.

ఇప్పుడు కొత్త కట్ట ఎంత గట్టిగా ఉండాలన్న లెక్క. పట్టీ గట్టితనం దాని వెడల్పును బట్టి నేరుగా పెరుగుతుంది, మందాన్ని బట్టి మాత్రం ఘనంలో పెరుగుతుంది. 6 మిల్లీమీటర్ల పట్టీ తీసి అదే వంపున్న 7 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే మందం ఆరో వంతు పెరిగింది, గట్టితనం దాదాపు 59 శాతం పెరిగింది. ఒకే మందం పట్టీలు అయిదున్న కట్టకు ఆరోది చేర్చితే పెరిగేది సుమారు 20 శాతమే. చేత్తో పట్టుకుని చూస్తే ఆ ఒక్క మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. దుకాణంలో కట్ట కొనేటప్పుడు పట్టీల సంఖ్యను లెక్కపెట్టి ఊరుకోకుండా వెర్నియర్‌తో మందం కొలిపించడం అందుకే.

ఈ అంకెలను ఒక బండి మీద పెట్టి చూద్దాం. జిప్సీ బరువు దాదాపు టన్ను. ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కో వెనక కట్ట మీద 200 కిలోలు పడుతుందనుకుందాం. కట్ట 25 కిలోలకు ఒక సెంటీమీటరు దిగే రకమైతే ఖాళీ బండికి 8 సెంటీమీటర్లు దిగి నిలుస్తుంది. అలా నిలిచిన బండి గుంత తగిలితే సెకనుకు సుమారు 1.8 సార్లు ఊగుతుంది. దానికి బదులు 40 కిలోలకు ఒక సెంటీమీటరు దిగే గట్టి కట్ట వేస్తే ఖాళీ బండి 5 సెంటీమీటర్లే దిగుతుంది. ఎత్తు 3 సెంటీమీటర్లు ఊరికే వచ్చింది, ఊగుడు 2.2 సార్లకు పెరిగింది. ఊపు అంతే ఉన్నా నడుముకు తగిలే కుదుపు ఊగే వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది దాదాపు 60 శాతం ఎక్కువ. అదే బండిలో గద్వాల సీడ్ పత్తి చేల నుంచి బస్తాలు ఎక్కించి, వెనక ఒక్కో కట్టపై ఇంకో 160 కిలోలు పడితే మెత్తని కట్ట మరో 6.4 సెంటీమీటర్లు కుంగి స్టాపర్లకు దగ్గరవుతుంది. గట్టిది 4 సెంటీమీటర్లు కుంగి నిలబడుతుంది. బస్తాలు మోసే బండికి గట్టి కట్ట సరైనది. ఇద్దరు మనుషులు, ఒక నీళ్ల క్యాను ఉండే బండికి అదే కట్ట నడుము నొప్పి తెస్తుంది. మంచి కిట్టు తయారుచేసే కంపెనీలు ఒకే బండికి తేలిక, మధ్యరకం, బరువు అని రెండు మూడు కట్టలు అమ్మేది ఇందుకే. ఎత్తు అన్నిటికీ ఇంచుమించు ఒకటే ఉంటుంది, మోయగల భారం వేరు. కమాను మేస్త్రీ "లోడెంత?" అని అడగడంలోని అర్థం ఇదే.

కొన్నేళ్లుగా పారబోలిక్ కమాన్లు కూడా దొరుకుతున్నాయి. వాటిలో పట్టీలు రెండో మూడో ఉంటాయి. నడుమ మందంగా ఉండి కొసలకు పోనుపోను పలచనవుతాయి, నడుమా కొసలా తప్ప ఒకదాన్నొకటి తాకవు. పాత తరహా కట్టలో పట్టీలు ఒకదానిపై ఒకటి రాపిడి పడటం వల్ల చిన్న గులకరాయికి కట్ట కదలనే కదలదు, దెబ్బంతా నేరుగా ఛాసిస్‌కు వస్తుంది. పారబోలిక్‌లో ఆ రాపిడి లేదు కనుక బండి మెత్తగా నడుస్తుంది. అయితే ఊపును ఆపే పని మొత్తం షాక్ అబ్జార్బర్ల మీద పడుతుంది. కట్ట పారబోలిక్ వేసి షాక్‌లు పాతవే ఉంచితే బండి వాగు దిగినప్పుడల్లా గంతులేస్తుంది.

ఎత్తు పెంచితే ఏది పైకి లేస్తుందన్నది చాలామంది సరిగ్గా ఊహించని సంగతి. కడ్డీ ఇరుసు బండిలో కమాన్లు మోసేదంతా లేస్తుంది: ఛాసిస్, బాడీ, ఇంజను, గేరుబాక్సు, పెట్రోలు ట్యాంకు. కమాన్లను మోసే ఇరుసు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. డిఫరెన్షియల్ ఉండే ఉబ్బెత్తు హౌసింగ్ బండి మొత్తంలో నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండే భాగం. జిప్సీకి చెప్పే 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ లాంటి అంకెను నిర్ణయించేది సాధారణంగా అదే. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే.

టైరు లెక్క సులువు. జిప్సీకి వచ్చే 205/70 ఆర్ 15 టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు. 215/75 ఆర్ 15 వేస్తే 703కు కాస్త పైన. ఇరుసు లేచేది అందులో సగం, అంటే 18 మిల్లీమీటర్లు. 235/75 ఆర్ 15 అయితే 733, ఇరుసుకు దక్కేది 33 మిల్లీమీటర్లు. కానీ అంత టైరు వేస్తే ఒక చుట్టుకు బండి పోయే దూరం దాదాపు పదో వంతు పెరుగుతుంది, చక్రం దగ్గర లాగే బలం అంతే తగ్గుతుంది. స్పీడోమీటరు 50 చూపినప్పుడు బండి 55లో ఉంటుంది. 1.3 లీటర్ల ఇంజనుకు అది భరించదగ్గ బరువే. 45 గుర్రాల పాత 970 సీసీ ఇంజను మాత్రం ఎత్తు ఎక్కలేక ఆయాసపడుతుంది. ఆ బండికి 215 దగ్గర ఆగడం తెలివైన పని.

నడిగడ్డలో ఈ విషయం వానాకాలం వస్తే కళ్లకు కడుతుంది. నల్లరేగడి మట్టిలోని బంకరేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ఎండినప్పుడు నెర్రెలిచ్చే నేల తడిసినప్పుడు జిగురవుతుంది. ట్రాక్టర్లు తిరిగిన డొంకల్లో రెండు లోతైన గాడులు పడతాయి, నడుమ గట్టులా మట్టి మిగులుతుంది. ట్రాక్టరు వెనక టైరు పెద్దది కనుక దాని ఇరుసు ఆ గట్టు మీదుగా తేలిపోతుంది. వెనక వచ్చిన జీపు డిఫరెన్షియల్ మాత్రం నాగలి కర్రులా ఆ గట్టును దున్నుకుంటూ పోయి, చివరికి చక్రాలు తేలిపోయి, పొట్ట మీద కూర్చుంటుంది. అయిదంగుళాల లిఫ్ట్ కిట్టు వేసిన బండి కూడా అక్కడే, అదే లోతులో కూర్చుంటుంది. రేగడిలో లిఫ్ట్ వల్ల దక్కే లాభం వేరు: పెద్ద టైరు పట్టడానికి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య బంకమట్టి ఇరుక్కోకుండా ఉండటానికి జాగా దొరుకుతుంది. ఆ జాగాకు ఒకటిన్నర అంగుళం చాలు. మిగిలిన డబ్బు లోతైన గాళ్లున్న సన్న టైర్లకు పెడితే ఫలితం ఎక్కువ, ఎందుకంటే సన్న టైరు పై బురదను చీల్చుకుని కింది గట్టి పొరను పట్టుకుంటుంది.

వనపర్తి వైపు కథ మారుతుంది. కాలువ కట్ట ఎక్కి అవతలికి దిగేటప్పుడు ముందు చక్రాలు అవతలి వాలులో, వెనక చక్రాలు ఇవతలి వాలులో ఉంటాయి. నడుమనున్న పొట్ట కట్ట శిఖరానికి తగులుతుంది. ఇక్కడ తగిలేది ఇరుసు కాదు కనుక కమాను లిఫ్ట్ నిజంగానే ఆదుకుంటుంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం 240 సెంటీమీటర్లు, పొట్ట కింద ఖాళీ 30 సెంటీమీటర్లు అనుకుని, టైరు వెడల్పును పక్కనపెట్టి సులువుగా లెక్కవేస్తే ఆ బండి దాటగల శిఖరపు కోణం 28 డిగ్రీలు. 5 సెంటీమీటర్లు లేపితే అది 32 డిగ్రీలు దాటుతుంది. గుండ్ల మధ్య నుంచి పొలానికి పోయే దారిలో ముందు బంపరు, వెనక బంపరు తగిలే కోణాలు కూడా అలాగే మెరుగుపడతాయి. చక్రాల మధ్య దూరం తక్కువున్న పాత జీపులకు ఈ లాభం పుట్టుకతోనే వచ్చింది. పొడుగు బండ్లకే ఇది ఎక్కువ అవసరం.

నల్లమలలో మరో గుణం కావాలి. రాతి మెట్ల మీద ఒక ముందు చక్రం పైకెక్కితే అదే పక్కనున్న వెనక చక్రం కిందికి వేలాడి నేలను అందుకోవాలి. అందుకోకపోతే గాల్లో తిరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ రెండు పక్కలకూ సమానమైన మెలితిప్పే బలాన్నే ఇస్తుంది. గాల్లో తిరిగే చక్రానికి ఏ బలమూ అక్కర్లేదు కనుక, నేల మీదున్న దాని జతకూ ఏమీ అందదు. ముందు ఇరుసులోనూ ఇలా ఒక చక్రం తేలితే నాలుగు చక్రాలూ లాగే బండి కూడా నిలబడిపోతుంది. కాబట్టి రాళ్లలో బండిని నడిపించేది ఎంత ఎత్తున్నదనే దానికన్నా చక్రం ఎంత కిందికి దిగి నేలను పట్టుకుంటుందనేదే. దీన్ని కొలవడానికి ఆఫ్‌రోడ్ వాళ్లు 20 డిగ్రీల వాలుబల్ల వాడతారు. ఒక ముందు చక్రాన్ని దాని మీదికి ఎక్కించి, మిగతా మూడింట్లో ఏదో ఒకటి నేలను వదిలేదాకా పోనిస్తారు. ఎక్కిన దూరాన్ని చక్రాల మధ్య దూరంతో భాగించి వెయ్యితో హెచ్చవేస్తారు. ఖాళీ బండికి బిర్రుగా గట్టి కట్టలు వేసి లేపితే ఈ అంకె పెరగడం పోయి తగ్గుతుంది. పొట్టి షాక్ అబ్జార్బర్లు ఉంచినా అంతే, చక్రం దిగబోతే అవే పట్టి ఆపేస్తాయి. కట్టతో పాటు సరిపోయే పొడవున్న షాక్‌లు ఇవ్వని కిట్టును కిట్టు అనడమే తప్పు.

ఎత్తు సంపాదించే పద్ధతుల్లో చవకైనది, కమాను కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్ ప్లేట్లను పొడుగువి వేయడం. కమాను ఒక కొస మాత్రమే షాకిల్‌కు ఉంటుంది కనుక రెండంగుళాలు పొడుగు ప్లేటు వేస్తే ఇరుసు దగ్గర వచ్చేది అంగుళమే. జిప్సీకీ పాత జీపులకూ ముందు షాకిల్ కట్ట ముందు కొసన ఉంటుంది. అక్కడ పొడుగు ప్లేటు వేస్తే కట్ట ముందు కొస కిందికి వాలి, దాంతో ఇరుసు ముందుకు తిరుగుతుంది. చక్రం తనంతట తాను నేరుగా రావడానికి కారణమైన క్యాస్టర్ కోణం తగ్గుతుంది. అరిగిన కింగ్‌పిన్ బేరింగులు దానికి తోడైతే 44వ నంబరు జాతీయ రహదారి మీద పెబ్బేరు దగ్గర 60 దాటగానే స్టీరింగు గడగడా వణకడం మొదలవుతుంది. కట్ట ఇరుసు మీద కూర్చునే బండ్లలో ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టడం వెనక వైపు నడుస్తుంది, ముందు ఇరుసుకు ఎన్నడూ పెట్టకూడదు. బ్రేకు వేసినప్పుడు ఇరుసు మెలితిరిగి దిమ్మె జారితే ఇక చేతిలో ఏమీ ఉండదు.

కట్టను ఇరుసు కింది నుంచి తీసి పైకి మార్చడం పెద్ద పని. జిప్సీలోనూ పాత జీపుల్లోనూ కట్ట ఇరుసు కింద ఉంటుంది. దాన్ని పైకి మారిస్తే ఒక్కసారిగా అయిదు అంగుళాల దాకా వస్తుంది, పాత కట్ట మెత్తదనమూ పోదు. ఆఫ్‌రోడ్ పోటీల వాళ్లు ఇష్టపడేది అందుకే. కానీ కట్ట కూర్చునే పీఠాలను హౌసింగ్ మీద సరైన కోణంలో కొత్తగా వెల్డింగు చేయాలి, స్టీరింగు లింకులు మార్చాలి, బ్రేకు గొట్టాలు పొడుగువి వేయాలి, బ్రేకు తొక్కినప్పుడు కట్ట ఎస్ ఆకారంలో మెలితిరగకుండా అడ్డుకట్ట పెట్టాలి. పొలానికీ, బడికీ, ఆస్పత్రికీ వాడే బండికి ఇది పనికిరాదు. ఇక థార్ టార్షన్ బార్‌ను బోల్టు తిప్పి లేపడం అన్నిటికన్నా తేలిక. పైసా ఖర్చు లేదు. అయితే అది కొత్త ప్రయాణాన్ని ఇవ్వదు. పైకి పోయే జాగా పెంచి కిందికి దిగే జాగాను తినేస్తుంది, యాక్సిల్ జాయింట్లను ఏటవాలుగా నిలబెట్టి త్వరగా అరగదీస్తుంది.

జాయింటు షాఫ్టు లెక్క కూడా కిట్టు కొనే ముందే వేసుకోవాలి. క్రాసు జాయింటు వంగి తిరిగితే ఒక్కో చుట్టులోనూ షాఫ్టు వేగం రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. 10 డిగ్రీల వంపులో ఆ తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం. 20 డిగ్రీలకు అది 6 శాతం దాటుతుంది. 70 సెంటీమీటర్ల షాఫ్టున్న బండిని 5 సెంటీమీటర్లు లేపితే వంపు 4 డిగ్రీలు పెరుగుతుంది, అయిదంగుళాలు లేపితే 10 డిగ్రీలు. 4 డిగ్రీలను క్రాసులు ఓర్చుకుంటాయి. 10 డిగ్రీలకు బండి గర్రుమంటుంది, క్రాసులు మాటిమాటికీ పోతాయి. స్టీరింగు డ్రాగ్ లింకు కూడా ఏటవాలు తిరుగుతుంది కనుక చక్రం గుంతలో పడిలేచినప్పుడల్లా స్టీరింగు దానంతటదే ఒక పక్కకు లాగుతుంది. రెండంగుళాల లోపు అది సర్దుబాటుతో పోతుంది, దాటితే కొత్త ఆర్ము కావాలి.

అన్నిటికన్నా బరువైన సంగతి పల్టీ. ఒక బండి పక్కకు ఎంత తేలిగ్గా బోర్లాపడుతుందో చెప్పే సూత్రం చాలా చిన్నది: ఎడమ కుడి చక్రాల మధ్య వెడల్పును గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 మోడళ్ల నుంచి వాహనాలకు పల్టీ మార్కులు వేయడానికి ఈ సంఖ్యనే ఆధారం చేసుకుంది. అక్కడి కార్లకు అది 1.3కు పైన ఉంటుంది, ఎస్‌యూవీలకు ఒకటికీ 1.3కూ మధ్య. చక్రాల వెడల్పు 130 సెంటీమీటర్లు, గరిమనాభి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉన్న బండికి ఇది సరిగ్గా 1. రెండంగుళాలు లేపితే, ఇరుసులు కిందే ఉంటాయి కనుక, గరిమనాభి 4 సెంటీమీటర్లు లేచిందనుకుంటే 0.94. అయిదంగుళాలకు 10 సెంటీమీటర్లు లేస్తే 0.87. కదలకుండా నిలిపి పక్కకు ఒంచితే పడిపోయే కోణం 45 డిగ్రీల నుంచి 41 డిగ్రీలకు దిగుతుంది. కదిలే బండిలో కట్టలు ఒరిగి, టైర్లు నలిగి, నెత్తిన క్యారియర్ మీద సామాను ఉంటే ఆ హద్దు ఇంకా ఎంతో ముందుకొస్తుంది. 1988లో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక సుజుకి సామురాయ్‌ను పల్టీ కొట్టే స్వభావం ఉందంటూ ఆమోదయోగ్యం కాదని తేల్చింది. సుజుకి 1996లో దావా వేసింది, 2004లో రాజీ కుదిరింది. ఆ సామురాయ్ మన జిప్సీకి తోబుట్టువు, చక్రాల మధ్య నిడివి తక్కువ. ఆ బండి తప్పెంత, పరీక్ష తప్పెంత అన్నది ఎలా ఉన్నా, ఇరుకైన తేలిక బండికి ప్రతి అంగుళమూ లెక్కలోకి వస్తుంది. నల్లమలలోని సలేశ్వరం జాతరకు పిల్లాపాపలతో నిండిన బండ్లు పోయే దారిలో ఈ 0.94కూ 0.87కూ తేడా ప్రాణాల తేడా.

ఎత్తు పెరిగిందని నీళ్లను లెక్కచేయకపోవడం ఇంకో పొరపాటు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర పొంగి అలంపూర్, రాజోలి ప్రాంతాలను ముంచెత్తిన సంగతి నడిగడ్డ మరచిపోలేదు. పారే నీరు తోసే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 30 సెంటీమీటర్ల ప్రవాహం చిన్న కార్లను తేలుస్తుంది, 60 సెంటీమీటర్లు పెద్ద బండ్లను కూడా ఈడ్చుకుపోతుంది. దుందుభి వాగు కాజ్‌వే మీద నీరు పారుతుంటే ఏ కిట్టూ బండికి బరువు ఇవ్వలేదు. నిలిచిన నీళ్లలో ఇంకో చిక్కుంది. నడిచి నడిచి వేడెక్కిన డిఫరెన్షియల్ చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీళ్ల గుండానో గాలి మూత గుండానో నీటిని లోపలికి పీలుస్తుంది. లిఫ్ట్ ఆ మూతను పైకి తేదు, ఎందుకంటే అది ఇరుసు మీద ఉంటుంది. మూతకు సన్న గొట్టం తగిలించి బానెట్ లోపలికి లాగితే చాలు. కొన్ని వందల రూపాయల పని, దీని వల్ల దక్కే మేలు కిట్టు కన్నా ఎక్కువ.

చట్టం కూడా చూసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడే అవకాశం ఏర్పడింది. పదిహేనేళ్లు దాటిన సొంత బండిని రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు తీసుకెళ్లినప్పుడు అధికారి కంట పడేది ముందు ఈ ఎత్తే. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ కూడా ఇదే అడుగుతుంది. కిట్టు కొనేముందు జిల్లా రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది. కిట్ల వ్యాపారం బాగా నడిచే ఆస్ట్రేలియాలో కూడా చాలా రాష్ట్రాలు ఇంజనీరు ధ్రువీకరణ లేకుండా పెంచగలిగే ఎత్తుకు 50 నుంచి 75 మిల్లీమీటర్ల దగ్గర గీత గీశాయి. ఇక అడవి సంగతి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందులోని బాటలు పులులవీ, అక్కడ బతికే చెంచులవీ. అక్కడి ఫర్హాబాద్ వ్యూపాయింట్ చూడాలంటే అటవీ శాఖ బండి ఎక్కాలి, లేపిన బండితో అడవిలో సొంత దారి చేసుకోవడం నేరం.

ఇంత లెక్క చూశాక ఎంపిక చాలా దగ్గరికి వస్తుంది. మానవపాడు వైపు రేగడిలో తిరిగే జిప్సీకి కంపెనీ ఎత్తు కొత్త కట్టలు, 215 సన్న టైర్లు, ఇరుసు గాలి గొట్టాలు. వనపర్తి చెలకల్లో వేరుశనగ బస్తాలు మోసే జీపుకు బరువు మోసే రకం వెనక కట్ట, ముందు మామూలు కట్ట, ఒకటిన్నర అంగుళం మించని ఎత్తు. కొల్లాపూర్ మామిడి తోటలకూ, అమ్రాబాద్ పైనున్న ఊళ్లకూ తిరిగే బండికి తేలిక రకం కట్టలు, వాటికి సరిపోయే పొడుగు షాక్‌లు, రెండంగుళాల లోపు లిఫ్ట్. మూడింట్లో ఏదైనా కట్టలు, షాక్‌లు, బుష్‌లు, యూ బోల్టులు ఒకే చోట, ఒకే లెక్కతో తీసుకోవాలి. పాత యూ బోల్టులను మళ్లీ వాడకూడదు. ఒకసారి బిగించాక వాటి మరలు సాగిపోతాయి, రెండోసారి అదే బిగువు నిలవదు.

బిగించేటప్పుడు షాకిల్ బోల్టులను బండి నాలుగు చక్రాల మీద నిలిచాకే పూర్తిగా బిగించాలి. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు బుష్‌లు మెలిపడి నెలల్లో చిట్లుతాయి. తర్వాత బ్రేకు గొట్టాలు సాగుతున్నాయేమో చక్రాలను పూర్తిగా వేలాడదీసి చూడాలి, హెడ్‌లైట్లను కిందికి దించాలి, వీల్ అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ అంకెను కాగితం మీద రాయించుకోవాలి. కొత్త కట్టలు మొదటి వారాల్లో కొంత సర్దుకుంటాయి. అందుకని 500 కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులను మళ్లీ బిగించి, మొదట కొలిచిన చోటే చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు దాకా నాలుగు మూలలా ఇంకోసారి కొలవాలి. ఎడమకూ కుడికీ సెంటీమీటరు దాటి తేడా వస్తే కట్టలు జత కలవలేదని అర్థం. అమ్మినవాడు మార్చి ఇవ్వాల్సింది అప్పుడే.